పద్దు కనిపిస్తుంది, ఊరు కనిపించదు

సంపాదకులకు,

ఒడిశా శాసనసభ బడ్జెట్ సమావేశాల్లో ఎమ్మెల్యేలకు కట్టలకొద్దీ పుస్తకాలు ఇస్తారు. వాటిలో పద్దులుంటాయి గానీ ఊళ్లుండవు. 5054-04-796 వరసే చూడండి. 5054 అంటే రోడ్లు, వంతెనల మూలధన వ్యయం, 04 అంటే జిల్లా, ఇతర రోడ్లు, 796 అంటే గిరిజన ప్రాంత ఉప ప్రణాళిక. అందులో మోహన నియోజకవర్గానికి ఎంత, గుణుపూర్‌కు ఎంత అన్నది ఆ అంకెల్లో తేలదు. రాజ్యాంగం 203వ అధికరణ కింద ఆ డబ్బు మంజూరు చేసేది మాత్రం ఈ సభ్యులే. కాగ్ ఆడిట్ నివేదిక సభకు వచ్చేసరికి ఆ ఆర్థిక సంవత్సరం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. సభలో ప్రశ్న వేద్దామంటే రెండు సమావేశాల మధ్య ఆరు నెలల వరకు ఎడం ఉండవచ్చు.

సమాచారం లేక కాదు. ట్రెజరీలో పాసయ్యే ప్రతి బిల్లూ డీడీవో (బిల్లు పెట్టి డబ్బు తీసే అధికారి) కోడ్, పద్దు, మొత్తం, కోతలు, ఓచర్ తేదీతో రాష్ట్ర ట్రెజరీ కంప్యూటర్ వ్యవస్థ ఐఎఫ్‌ఎంఎస్‌లో నమోదవుతుంది. ఒడిశా శాసనసభలోని 147 మంది సభ్యులకూ దాన్ని చూడటానికి మాత్రమే వీలున్న లాగిన్ ఇవ్వాలి. పింఛనుదారుల, లబ్ధిదారుల బ్యాంకు వివరాలు మూసి ఉంచవచ్చు. కాంట్రాక్టర్ల, సరఫరాదారుల పేర్లు మాత్రం కనిపించి తీరాలి.

లాగిన్ ఒక్కటే సరిపోదు. ఒక రోడ్ల డివిజన్ కింద రెండు మూడు నియోజకవర్గాలు ఉండవచ్చు, బిల్లు మీద ఉండేది డివిజన్ డీడీవో కోడే. భువనేశ్వర్‌లో మందులు కొని గజపతి జిల్లాకు పంపితే ఆ ఖర్చు రాజధాని లెక్కలోనే పడుతుంది. అంచనా మంజూరు నాడే పని నంబరుకు పంచాయతీ ఎల్‌జీడీ కోడ్ (ప్రతి స్థానిక సంస్థకు కేంద్రం ఇచ్చిన గుర్తింపు సంఖ్య) జతచేసి, అది లేని బిల్లును ట్రెజరీ వెనక్కి పంపితే పనుల మటుకు ఈ చిక్కు తీరుతుంది. రోడ్డు రెండు పంచాయతీల మీదుగా పోతే కిలోమీటర్ల వాటా రాయాలి.

అసలు మోసపోయే చోటు వేరే ఉంది. 2021 జూలై నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాల డబ్బును సింగిల్ నోడల్ ఏజెన్సీ (పథకానికి రాష్ట్రంలో ఒకే ఒక్క నిర్వహణ సంస్థ) బ్యాంకు ఖాతా ద్వారా నడిపే పద్ధతి వచ్చింది. ఈ పద్ధతిలో నడిచే పథకాల్లో డబ్బు ట్రెజరీ నుంచి ఆ ఖాతాకు చేరగానే అది ఖర్చు కింద రాసేస్తారు. గ్రామంలో ఇంకా పైపు కూడా దిగి ఉండకపోవచ్చు. కూలీకో సరఫరాదారుకో నిజంగా ముట్టిన డబ్బు లెక్క కేంద్రం నడిపే చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో ఉంటుంది. ఐఎఫ్‌ఎంఎస్ ఒక్కటే చూసిన ఎమ్మెల్యే నూటికి నూరు శాతం ఖర్చయిందని నమ్ముతారు. అందుకే ట్రెజరీ విడుదల, బ్యాంకు నిల్వ, చివరి చెల్లింపు తేదీ ఒకే పేజీలో ఉండాలి. మార్చి నెలాఖరున నిధులు మురిగిపోకుండా ట్రెజరీలోనే డబ్బు పక్కన పెట్టే 8443 సివిల్ డిపాజిట్ల పద్దులోకి మళ్లిస్తే అదీ ఖర్చుగానే కనిపిస్తుంది. ఆ నిల్వలనూ డీడీవోల వారీగా చూపాలి, ఏ ఏడాది నుంచి పడి ఉన్నాయో సహా.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు వద్దు. వాటిలో ఒక్క పద్దునైనా వెతికి కూడలేం. ఎక్సెల్‌లో దించుకునే వీలుండాలి, లెక్కలు చదవగల సహాయకుడినీ ప్రతి సభ్యుడికి ఇవ్వాలి.

ఇదంతా ఒక్కసారిగా కుదరదంటే, రాబోయే సప్లిమెంటరీ డిమాండ్లతోనైనా మొదలుపెట్టండి. అదనంగా అడిగే ప్రతి పద్దులో అప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఏ ఖాతాలో ఎంత మిగిలింది అన్నది సభలో చర్చకు వారం ముందే సభ్యులకు అందాలి.

— విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి, పర్లాకిమిడి, ఒడిశా