బెల్టు ఇచ్చారు సరే, దాన్ని పరీక్షించిందెవరు?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పదిహేను రోజుల క్రితం మీ నగర పేజీలో, బహుళ అంతస్తుల భవనానికి రంగులు వేస్తూ పైనుంచి పడిపోయిన కార్మికుడి వార్త చదివాను. అందరికీ సేఫ్టీ బెల్టులు ఇచ్చామని కాంట్రాక్టరు చెప్పినట్టు, విచారణ జరిపిస్తామని అధికారి చెప్పినట్టు రాసి వార్త ముగించారు. ఆ బెల్టు ఎన్నేళ్లదో, దాన్ని చివరిసారి ఎవరు పరీక్షించారో ఎవరూ అడగలేదు. ముప్పయ్యేళ్లు నిర్మాణ సైట్లలో సూపర్‌వైజరుగా పనిచేసినవాణ్ని. కోపం తగ్గాక రాద్దామని ఇన్ని రోజులు ఆగాను. అది తగ్గలేదు.

గత నెల మా అపార్టుమెంటు బయటి గోడలకు రంగులు వేయించారు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన మేకుకు వేలాడుతున్న బెల్టును నేను చేతిలోకి తీసుకుని చూశాను. ఒకప్పుడు నారింజ రంగులో ఉండి ఉంటుంది, ఎండకు పూర్తిగా వెలిసిపోయింది. మెత్తగా వంగవలసిన పట్టీ అట్టలా బిరుసెక్కింది. తొడకు బిగించే పట్టీ అంచున పోగులు లేచి ఉన్నాయి. హుక్కు నాలుకను వేలితో నొక్కితే తెరుచుకుంది కానీ, వదిలితే దానంతట అది మూసుకోలేదు. స్ప్రింగు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లేబులు ఉండవలసిన చోట తెగిన కుట్లు మాత్రమే మిగిలాయి. దాన్ని తొడుక్కునే కుర్రవాడిది శ్రీకాకుళం జిల్లా. ‘ఎక్కే ముందు ఇది బాగుందో లేదో చూసుకుంటావా బాబూ’ అని అడిగితే, ‘మేస్త్రీ ఇచ్చింది సార్, మూడు సైట్ల నుంచి ఇదే’ అన్నాడు. నేను పట్టుబట్టి పని ఆపిస్తే అతనికి మరో బెల్టు తెచ్చి ఇచ్చారు. పాతదాన్ని నా ఎదుటే కత్తెరతో రెండు ముక్కలు చేయమన్నాను, ఎందుకంటే పనికిరాని బెల్టు మళ్లీ ఎవరి ఒంటి మీదికీ ఎక్కకుండా చూడటానికి అదొక్కటే మార్గం. మేస్త్రీ ఒప్పుకోలేదు. పని పూర్తయ్యాక పెయింటు డబ్బాలతో పాటు ఆ బెల్టు కూడా ఆటో ఎక్కి తర్వాతి సైటుకు వెళ్లిపోయింది.

మా నాన్నగారు భువనగిరి దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసేవారు. చెట్టెక్కడానికి వాడే తాడును, అదే మోకును, ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడిమి, ముడిని రెండుసార్లు లాగి చూడకుండా ఆయన చెట్టెక్కిన రోజు నాకు గుర్తులేదు. మేము పిల్లలం మోకును వానలో వదిలేస్తే ఆ పూట ఇంట్లో అన్నం సయించేది కాదు. ఆ మోకు ఆయన సొంతం. సైటులో బెల్టు ఎవరి సొంతమూ కాదు, పొద్దున్నే కుప్పలోంచి చేతికందింది తగిలించుకుని పోవడమే. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు, చెట్టు మీంచి పడకుండా కాపాడే ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టినప్పుడు నేను చాలా సంతోషించాను. అయితే ఆ కిట్లలోని పట్టీలు, తాళ్లు కూడా ఎండకు, వానకు అరిగేవే కనుక, ఇచ్చిన శాఖే ఏటా ఊరూరా తిరిగి వాటిని పరీక్షించాలి.

ఈ పరీక్షకు పెద్ద చదువు అక్కరలేదు. పట్టీని రెండు చేతులతో విల్లులా వంచి అంగుళం అంగుళం చూస్తే కోతలు, వెల్డింగు నిప్పురవ్వలు చేసిన చిల్లులు, వేడికి కరిగి మెరుస్తున్న భాగాలు బయటపడతాయి. కుట్లు ఊడాయా, వీపు మీద తాడు తగిలించే డి-రింగు వంగిందా, హుక్కు మూసుకుని లాక్ పడుతోందా అని చూడటానికి ఐదు నిమిషాలు చాలు. అన్నిటికన్నా ముఖ్యం తాడుతో ఉండే షాక్ అబ్జార్బరు. దాని లోపల మడిచి కుట్టిన పట్టీ, మనిషి పడినప్పుడు కుట్లు తెంచుకుంటూ విచ్చుకుని ఆ కుదుపును తాను తీసుకుంటుంది. ఒకసారి విచ్చుకున్నది మళ్లీ పనికిరాదు, మనిషిని ఆపిన బెల్టునూ మళ్లీ వాడకూడదు. అలా విచ్చుకున్నదానికి ఇన్సులేషన్ టేపు చుట్టి మళ్లీ పనికి ఇవ్వడం నా కళ్లతో చూశాను.

చట్టాలు లేక ఇలా జరగడం లేదు. పడిపోయే ప్రమాదం ఉన్న ఎత్తులో పనిచేసేవారికి రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఈ బెల్టులకు ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం ఉంది. వాడిన ప్రతిసారీ ముందుగా పరీక్షించాలని అమెరికా నిబంధన చెబుతోంది. ఏడాదికి ఒకసారైనా అర్హత గల వ్యక్తితో పరీక్ష చేయించాలని ఐరోపా ప్రమాణం చెబుతోంది. పడే మనిషిని ఆపడానికి, భుజాలకు, తొడలకు పట్టీలు లేని ఒట్టి నడుము బెల్టు వాడటాన్ని, ఆ దెబ్బంతా కడుపు మీద, వెన్ను మీద పడుతుంది కనుక, అమెరికాలో 1998 జనవరి 1 నుంచే నిషేధించారు. మన సైట్లలో అదే నడుము బెల్టు కట్టించి పదో అంతస్తుకు ఎక్కిస్తున్నారు.

వంటింటి గ్యాస్ సిలిండరు మీద కూడా మళ్లీ పరీక్ష చేయవలసిన గడువు ఉంటుంది. బి-27 అని ఉంటే 2027 ఏప్రిల్, జూన్ మధ్య అని మా ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు. లారీకి ఫిట్‌నెస్ పత్రం అడుగుతాం. మనిషి ప్రాణాన్ని పట్టి ఉంచే పట్టీ వయసు అడిగే అధికారి నాకు ముప్పయ్యేళ్లలో ఒక్కరు కూడా ఎదురుపడలేదు. భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ జాగా, అదే సెట్‌బ్యాకు, కొలవడానికి టేపు పట్టుకుని వస్తారు, బాల్కనీ ఎంత ముందుకు వచ్చిందో లెక్కవేస్తారు, ఆ మేడ మీద మేకుకు వేలాడే బెల్టు వైపు తల తిప్పరు. 1996 చట్టం వచ్చినప్పటి నుంచి నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సుగా వసూలు చేస్తున్నారు కదా, ఆ డబ్బులో కొంత పెట్టి మండలానికి ఒక శిక్షణ పొందిన తనిఖీదారును నియమించడానికి అడ్డేమిటి? ప్రమాదం జరిగాక వారం రోజులు హడావిడి చేసి, పరిహారం ప్రకటించి, ఫైలు మూసేయడం ఇక చాలించాలి.

కార్మిక శాఖను నేను కోరేది ఇదీ. ప్రతి బెల్టుకు ఒక నంబరు, దానికి ఒక కార్డు ఉండాలి. తయారైన తేదీ, మొదట వాడిన తేదీ, పరీక్షించిన తేదీ, పరీక్షించినవారి సంతకం ఆ కార్డులో ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి ముందు ఆ కార్డులే చూడాలి. కార్డు లేని బెల్టును అక్కడికక్కడే కత్తిరించాలి.

మీ విలేకరులకూ ఒక విన్నపం. ఇకపై ఇలాంటి వార్త రాయవలసి వస్తే, బెల్టు ఇచ్చామన్న మాటతో ఆగకుండా, అది ఎప్పుడు తయారైంది, చివరిగా ఎవరు పరీక్షించారు అని అడిగి, వచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ సంగతిని కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైట్ సూపర్‌వైజరు,
నార్సింగి, హైదరాబాద్