ఫ్లెక్సీల్లో ప్యాకేజీ సరే, మీడియన్ జీతం ఎక్కడ?

సంపాదకుడు గారికి,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడిందంటే కాకినాడ భానుగుడి నుంచి భీమవరం దాకా కూడళ్లన్నీ కాలేజీల ఫ్లెక్సీలతో నిండిపోతాయి. అత్యధిక ప్యాకేజీ ఇన్ని లక్షలు, ఆఫర్లు ఇన్ని వందలు! పత్రికల మొదటి పేజీల్లోనూ అవే. కాలేజీ పేరుకు ఉద్యోగం వస్తుందా అంటే, కొంత వస్తుంది. ఆ కొంత ఎంతో తెలియకే మేనేజ్‌మెంట్ సీటు కోసం కొబ్బరితోటలు తాకట్టుకు వెళుతున్నాయి.

పేరు గట్టిగా పనిచేసేది కంపెనీ క్యాంపస్‌కు వస్తుందా రాదా అన్న దగ్గర. హెచ్‌ఆర్ వాళ్లు జాబితా వేసుకునేటప్పుడు ర్యాంకు ఒక్కటే చూడరు. నిరుడు ఎందరికి ఆఫర్ ఇచ్చాం, ఎందరు చేరారు, ఒక్క రోజులో ఎందరు అర్హులు దొరుకుతారు, హైదరాబాద్ నుంచి ప్యానెల్ వెళ్లిరావడం ఎంత తేలిక అన్నవీ లెక్కే. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ మెయిన్ లైను మీద ఉంది. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. అందుకే కోనసీమ పిల్లలు చీకటితోనే బస్సెక్కి, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడలో చాలా కాలేజీలకు కలిపి జరిపే పూల్ డ్రైవ్‌కు వెళ్లాలి. ఒక్కో విద్యార్థిని మూడేసి ఆఫర్లు పోగేసుకోనిచ్చే కాలేజీకి ఆ ఏడాది ఫ్లెక్సీ ఘనంగానే ఉంటుంది. అయితే అతను చేరేది ఒక్క చోటే. మిగతా రెండు కంపెనీలు మరుసటేడు ఆ ఊరి ముఖం చూడవు.

గేటు దాటాక పేరు బలం తగ్గిపోతుంది. కొత్తవారిని తీసుకోవడానికి పెట్టే టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షను ఏ కాలేజీ వాళ్లైనా రాయొచ్చు. అక్కడ ఆపేవి పదిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో 60 శాతం నిబంధన, పాసవ్వక మిగిలిపోయిన బ్యాక్‌లాగ్‌లు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ స్కోరు, ఐబీపీఎస్, ఏపీపీఎస్సీ పరీక్షల్లో కాలేజీ పేరుకు మార్కుల్లేవు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలోనూ, దాదాపు ఒకే స్థాయి విద్యార్థుల్లో పేరున్న కాలేజీకి వెళ్లినవాళ్లు, వెళ్లనివాళ్లు సంపాదనలో పెద్ద తేడా లేకుండానే ఉన్నారు. పేదింటి పిల్లలకు మాత్రం తేడా కనిపించింది. మనకు పట్టాల్సింది ఈ మినహాయింపే. ఇంట్లో మొదటి డిగ్రీ తనదే అయిన పిల్లవాడికి రిఫరల్ ఇచ్చే అన్నయ్య ఏ కంపెనీలోనూ ఉండడు. అతనికి క్యాంపస్సే దారి.

కాబట్టి కాలేజీని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఫ్లెక్సీ కాదు, కేంద్ర విద్యాశాఖ ర్యాంకుల విధానమైన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఆ కాలేజీ సమర్పించిన పట్టిక. ర్యాంకు రాకపోయినా, పాల్గొన్న ప్రతి కాలేజీ దాన్ని తన వెబ్‌సైట్లో పెట్టాలి. అందులో చేరినవారు, డిప్లొమా తర్వాత నేరుగా రెండో ఏడాదిలో చేరిన లేటరల్ ఎంట్రీ వారు, సకాలంలో పాసైనవారు, ఉద్యోగాలు వచ్చినవారు, వారి మీడియన్ జీతం, పై చదువులకు వెళ్లినవారు వరుసగా ఉంటాయి. ఒక ఉదాహరణ వేసి చూడండి. చేరినవారు 480, లేటరల్ 48, సకాలంలో పాసైనవారు 390, ఉద్యోగాలు వచ్చినవారు 240 అనుకుందాం. చేరిన మొత్తం 528 మందిలో ఇది 45 శాతం. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లను తీసేసి 'అర్హులు 260' అని రాసుకుంటే అదే 240 మంది 92 శాతం అవుతారు. ఆఫర్లు లెక్కపెడితే 400 కూడా దాటొచ్చు. ఫ్లెక్సీ మీదికెక్కేది ఏ అంకో చెప్పనక్కర్లేదు. పైగా అందులో ఉండే గరిష్ఠ ప్యాకేజీ ఒక్కరిది, మీడియన్ అంటే వరుసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డ పిల్లవాడి జీతం. ఈ పట్టిక కూడా కాలేజీ స్వయంగా ఇచ్చినదే, ఏడాదికి పైగా పాత బ్యాచ్‌ది. అయినా సంతకం పెట్టి ఇచ్చిన లెక్క కదా, ఫ్లెక్సీ కన్నా నయం.

గుర్తింపుల విషయంలో ఇంకో మెలిక ఉంది. నాణ్యత చూసి ఇచ్చే న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి. సాంకేతిక కోర్సుల గుర్తింపైన ఎన్‌బీఏ బ్రాంచీల వారీగా, మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు. రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లందే ఏ బ్రాంచీ దానికి దరఖాస్తు చేయలేదు. నిన్నగాక మొన్న తెరిచిన ఏఐ సెక్షన్‌కు, పక్కన సివిల్‌కు వచ్చిన ఎన్‌బీఏ ముద్ర వర్తించదు.

పేరు గురించి ఇంత రభస చేస్తాం గానీ, సప్లీ, రీవాల్యుయేషన్ ఫలితాలు ఆలస్యమై, ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ), అన్నేళ్ల మార్కుల మెమో (సీఎంఎం) చేతికి రాక జాయినింగ్ తేదీ జారిపోవడం ఎవరి నోటా రాదు. ఫైనలియర్ సప్లీ ఫలితాలకు విశ్వవిద్యాలయాలు ముందే ఒక తేదీ పెట్టుకుంటే ఖర్చు లేకుండా కొన్ని ఉద్యోగాలు నిలుస్తాయి.

ఉన్నత విద్యామండలికి మా విన్నపం ఒకటి. వెబ్ ఆప్షన్ల పేజీలో కాలేజీ కోడ్ పక్కనే బ్రాంచీల వారీగా చేరినవారు, పాసైనవారు, ఉద్యోగాలు వచ్చినవారు, మీడియన్ జీతం, ఎన్‌బీఏ గడువు చూపించాలి. పత్రికలకూ ఒక మాట: ప్రకటనలో 'ఆఫర్లు' అని ఉంటే, పక్కన 'విద్యార్థులు' ఎందరో కూడా వేయకుండా అచ్చుకు తీసుకోకండి.

ఇట్లు,
ప్లేస్‌మెంట్ విభాగాల్లో పనిచేస్తున్న కొందరు అధ్యాపకులు,
కాకినాడ, అమలాపురం