నా ఫెలోషిప్ అప్లికేషన్‌కు మీరు చేసిన రివ్యూపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,
బెంగళూరు.

నమస్కారం.

మీ కంపెనీకి 18,500 రూపాయలు కట్టి నా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి) శిక్షణ ఫెలోషిప్ అప్లికేషన్‌ను రివ్యూ చేయించుకున్నాను. గడువు తొమ్మిది రోజులుందనగా మీ రిపోర్టు వచ్చింది. తెరిచి చూస్తే తప్పుల తడక. అన్నిటికంటే ఘోరం, అందులో ఇంకెవరి అప్లికేషన్ గురించో రాసిన మాటలున్నాయి. తెలుగులో కూడా జవాబిస్తామని మీరే చెప్పారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

ముందు ఆ మాటల సంగతే చెబుతాను. నాలుగో పేజీ, రెండో పేరా: "గ్రూపుకు ఆరు ఎలుకలు సరిపోవు. ఆడ ఎలుకలను ఎందుకు వదిలేశారో చెప్పలేదు." నా అప్లికేషన్ మొత్తం వెతికినా ఎలుక అన్న మాటే కనపడదు. నేను పనిచేసేది జీబ్రా చేప పిల్లల మీద. వాటి ఒళ్లు అద్దంలా ఉంటుంది. టీబీ క్రిమికి దగ్గరి చుట్టమైన మైకోబాక్టీరియం మెరినమ్ ఎక్కిస్తే, అది లోపల ఎలా పాకుతోందో చేప బతికుండగానే మైక్రోస్కోపులో చూడొచ్చు. మరి ఆ ఎలుకలు ఎవరివి? యలహంక వైపో, జీకేవీకే వ్యవసాయ వర్సిటీ దగ్గరో ఏ ల్యాబ్‌లో ఉన్నారో ఆ మనిషి. వాళ్ల ప్రయోగం సంగతి నా చేతికి వచ్చిందంటే, నాది ఎవరి చేతికి పోయినట్టు? ఇంకా ఎక్కడా అచ్చుకాని రెండు ఫొటోలు నా అప్లికేషన్‌లో ఉన్నాయి. వాటి కోసం ఐదు నెలలు రాత్రిళ్లు ల్యాబ్‌లోనే గడిపాను. మా గైడ్ గారు "జాగ్రత్తమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ పెట్టనిచ్చారు. ఇప్పుడాయనకు ఏం చెప్పాలో తోచక నలిగిపోతున్నాను.

మీ రివ్యూ అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ పద్ధతిలో ఉంటుందని మీ ప్రకటన. అక్కడ రివ్యూయర్లు అప్లికేషన్‌లో చదివింది బయట చెప్పకూడదు. ఏఐ టూల్స్‌తో విమర్శ రాయించకూడదని 2023 జూన్‌లోనే స్పష్టంగా నిషేధించారు. నా అప్లికేషన్ చదివింది మనిషా, మిషనా అన్న అనుమానం నాకు గట్టిగా ఉంది. దానికి సూటిగా జవాబు కావాలి.

ఇక స్కోరు. "9కి 8 వచ్చింది, అభినందనలు" అని మీ రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది. ఫోన్ చేస్తే మీ కౌన్సెలర్ గారు, ఆయనా మన తెలుగాయనే, "8 అంటే చాలా మంచిదే కదా మేడం, టెన్షన్ పడకండి" అన్నారు. ఎన్ఐహెచ్ స్కేలులో 1 అంటే అత్యుత్తమం, 9 అంటే అధ్వానం. మా ల్యాబ్‌లో అమెరికాలో పోస్ట్‌డాక్ చేసొచ్చిన అక్క ఆ పేజీ చూసి, "దీనికి సంబరపడుతున్నావేంటే, ఇది ఫెయిలైనట్టు" అంది. పైగా మీరు విడివిడి అంశాల మార్కుల సగటు తీసి దాన్నే మొత్తం స్కోరు అన్నారు. అసలు పద్ధతిలో మొత్తం ఇంపాక్ట్ స్కోరు అలా రాదు. ప్యానెల్ సభ్యులు చర్చించాక ఒక్కొక్కరూ విడిగా స్కోరు వేస్తారు. ఆ స్కోర్ల సగటును పదితో గుణిస్తారు. 10 నుంచి 90 వరకూ ఉంటుంది. ఈ మాత్రం తెలియని వాళ్లు రివ్యూ అమ్మడమేమిటి?

నన్ను బాగా దెబ్బతీసింది శిక్షణ ప్రణాళిక మీద మీరిచ్చిన సలహా. నాకు కోడింగ్ సరిగా రాదు, స్టాటిస్టిక్స్‌లో వెనకబడి ఉన్నాను, మొదటి ఏడాదిలో ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటానో ఇదీ అని ఒకటిన్నర పేజీ రాశాను. మీరు దాన్ని ఎర్రగీతతో కొట్టేసి "మన బలహీనత మనమే చెప్పుకోకూడదు, ఈ స్థలంలో ప్రాజెక్టు గురించి రాయండి" అన్నారు. ఇది ప్రాజెక్టు గ్రాంటు కాదండీ, శిక్షణ ఫెలోషిప్. ఈ మనిషికి ఏం వచ్చు, ఏం రాదు, ఈ డబ్బుతో, ఈ గైడ్ దగ్గర ఎంత ఎదుగుతుంది అన్నదే అక్కడ చూస్తారు. మీరు చెప్పుకునే ఎన్ఐహెచ్ కూడా 2025 జనవరి 25 నుంచి వచ్చే ఫెలోషిప్ అప్లికేషన్లకు పాత ఐదు అంశాలు తీసేసి మూడే పెట్టింది: ఒకటి అభ్యర్థి సన్నద్ధత, సామర్థ్యం; రెండోది పరిశోధన శిక్షణ ప్రణాళిక; మూడోది అభ్యర్థి పట్ల నిబద్ధత. మూడింటిలో ఒకటి శిక్షణే! మీ రిపోర్టులో ఇంకా పాత ఐదు అంశాల పట్టికే ఉంది.

"డిగ్రీలో 62 శాతం, పేరున్న కాలేజీ కాదు" అని కూడా రాశారు. నేను కావలిలో తెలుగు మీడియంలో డిగ్రీ చదివాను. అందుకు నాకు సిగ్గులేదు. కాలేజీ పేరు, గైడ్ పేరు చూసి మొగ్గు చూపకూడదనే ఎన్ఐహెచ్ ఆ మార్పు తెచ్చింది. కోర్సుల గ్రేడ్లు పెట్టనివ్వడం కూడా మానేసింది. మీరు మాత్రం దాని పేరు చెప్పి నా మార్కులు ఎత్తిచూపారు.

నేను అమెరికా పౌరురాలిని కాను, అక్కడి శాశ్వత నివాసినీ కాను కాబట్టి ఎన్ఐహెచ్ వాళ్ల పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఎఫ్32కి అప్లై చేయలేనని నాకు తెలుసు. నేను పెట్టింది వేరే ఫెలోషిప్‌కి. ఆ పద్ధతిలో చూస్తామని మీరు చెప్పారనే డబ్బు కట్టాను. మీ మాట నమ్మి శిక్షణ భాగం కోసేశాను, గడువుకు ముందురోజు రాత్రి అక్క చెబితే మళ్లీ అతికించాను. రెండోసారి చదువుకునే టైమ్ లేకుండానే పంపాల్సి వచ్చింది.

నా 18,500 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వండి. నా అప్లికేషన్ ఎవరెవరు చదివారో, ఏ ఏఐ టూల్‌లోనైనా ఎక్కించారో లేదో రాతపూర్వకంగా చెప్పండి. మీ దగ్గరున్న కాపీలన్నీ తీసేసి, తీసేసినట్టు మెయిల్ పెట్టండి. ఆ ఎలుకల అప్లికేషన్ వాళ్లకు జరిగింది మీరే చెప్పండి, వాళ్లకు తెలియాలి. తలకిందుల స్కోర్లు అందుకున్న మిగతా వాళ్లకు కూడా గడువులు దాటకముందే సరిచేసి పంపండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బెంగళూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ రిపోర్టు, డబ్బు కట్టిన రసీదు జతచేస్తున్నాను. నాలుగో పేజీలో ఆ ఎలుకల పేరాను మాత్రం నల్లగా కొట్టేశాను. అది నాది కాదు.

ఇట్లు,
మీ కస్టమర్,
యలహంక, బెంగళూరు