ఫెరారీకి పేజీ, గేదెలకు రెండు లైన్లా?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో జోడీ షెక్టర్ మీద మీరు వేసిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. బాగుంది, కాదనను. 1979లో ఫెరారీ కారులో ఫార్ములా వన్ కార్ల పందేల ప్రపంచ చాంపియన్ అయిన దక్షిణాఫ్రికా డ్రైవర్, ఇటలీలో మోంజా పందెంలో జట్టు సహచరుడు జిల్ విల్నెవ్ ముందుకు వెళ్ళాలని చూడకుండా వెనకాలే వచ్చాడని, 1976లో ఆరు చక్రాల టిరెల్ కారుతో స్వీడన్ పందెం గెలిచాడని, కొడుకు టోమస్ కూడా అమెరికాలో ఇండీకార్ పందేలు గెలిచాడని అన్నీ రాశారు. తీరా ఆఖర్లో, రేసులు మానేశాక ఇంగ్లండ్ వెళ్ళి గేదెలు పెంచాడని రెండు లైన్లలో తేల్చేశారు. అదేంటండీ? కోనసీమలో పాడి మీద బతికే మాలాంటి వాళ్ళు ఆ పేజీలో చదవాలనుకున్నది ఆ రెండు లైన్ల గురించే కదా!

గేదెలంటే ఎవరికీ లెక్క లేదు. చదువుకోకపోతే గేదెలు కాసుకుంటావురా అనే తిట్టు తినకుండా పెరిగిన పిల్లాడు మా వైపు లేడు. అలాంటి పని ఒక ప్రపంచ చాంపియన్ కోరి తలకెత్తుకుంటే, ఎందుకు చేశాడు, ఎలా నేర్చుకున్నాడు, వాటికి ఏం మేపాడు, చలిదేశంలో ఎలా నెగ్గుకొచ్చాడు అని అడగాలనిపించలేదా మీ విలేకరికి?

నాకు తెలిసినంత వరకు చెబుతాను. రేసులు మానేసేనాటికి ఆయనకు 30 ఏళ్ళు. చాంపియన్ అయిన మరుసటి ఏడాది కారు అధ్వాన్నంగా ఉండి సీజన్ మొత్తానికి 2 పాయింట్లు వచ్చాయి, కెనడాలో అయితే పందెంలో నిలబడటానికి అర్హతే రాలేదు. అంతకుముందు 1973లో అమెరికాలో వాట్కిన్స్ గ్లెన్‌లో తోటి డ్రైవర్ ఫ్రాన్స్వా సెవెర్ ప్రాక్టీసులో చనిపోయినప్పుడు కారు ఆపి పరిగెత్తుకెళ్ళి కళ్ళారా చూసిన మనిషి. ఇక చాలనుకున్నాడంటే ఆశ్చర్యమేముంది. అయితే అక్కడి నుంచి నేరుగా గేదెల పాకలోకి రాలేదు, మీ వ్యాసం చదివితే అలాగే అనిపిస్తుంది. మధ్యలో అమెరికా వెళ్ళి, జార్జియాలో, పోలీసులకూ సైనికులకూ తుపాకీ శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ల కంపెనీ పెట్టాడు. అది బాగా నడిచింది, అమ్మేశాడు. ఆ డబ్బుతో 1996లో ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ జిల్లాలో లావర్‌స్టోక్ అనే చోట పొలం కొన్నాడు. తన ఇంటివాళ్ళకు మంచి తిండి పండించుకోవాలన్నది మొదటి ఆలోచన. అది పెరిగి పెరిగి సుమారు 2,500 ఎకరాల సేంద్రియ వ్యవసాయం అయింది, గేదెల మంద అయింది, గేదె పాలతో మోజరెల్లా చీజు, ఐస్‌క్రీమ్ తయారీ అయింది.

ఆ డబ్బు సంగతి మీరు ఒక్క ముక్క రాయకపోవడమే నాకు పెద్ద అభ్యంతరం. ఎందుకంటే ఇలాంటి వ్యాసాలు చదివి, దానికి తోడు నాలుగు యూట్యూబ్ వీడియోలు చూసి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఊరొచ్చి, హర్యానా నుంచి లారీలో ముర్రా గేదెలు దింపుకున్న కుర్రాళ్ళను మేం చూస్తున్నాం. రెండు వేసవులు తిరక్కుండా పాక ఖాళీ. వాళ్ళను తప్పుపట్టను, తప్పు చెప్పినవాళ్ళది. ఏప్రిల్ ఆఖరుకు కాలువలు కట్టేస్తారు, చెరువుల్లో సగం చేపలకూ రొయ్యలకూ పోయాయి. గేదెకు ఒంటి మీద చెమట పట్టేది తక్కువ, నీళ్ళలో పడుకోకపోతే వేడికి ఆగలేదు. అలాంటప్పుడు ఎదకొచ్చినా అరవదు, తీగ (ఎదలో కారే జిగురు) వేసిందో లేదో తెల్లారకట్ట తోక ఎత్తి చూసుకుంటే తప్ప తెలియదు. ఆ ఒక్క పూట కనిపెట్టకపోతే చూడి కోసం సూది వేయించడం ఇంకో మూడు వారాలు వెనక్కి పోయినట్టే, ఆ మూడు వారాల మేత ఎవరు పెడతారు? ఇవన్నీ ఏ వీడియోలో ఉన్నాయి?

మేత మాట ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. కోత మిషన్లు వచ్చాక వరిగడ్డి మడిలోనే చితికిపోతోంది, వాన పడితే అదీ కుళ్ళిపోతోంది. ఒకప్పుడు ప్రతి ఇంటి వెనకా గడ్డిమేటు ఉండేది, ఇప్పుడు కట్టలు కట్టిన గడ్డి కొనుక్కుంటున్నాం. తౌడు ధర సరేసరి. ఆగస్టులో గోదావరి పొంగితే లంకల్లో గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలుకెళ్ళి టార్పాలిన్ కింద కట్టుకోవాలి, ఆ రోజుల్లో పాలు సగానికి పడిపోతాయి.

షెక్టర్ దగ్గర నాకు నచ్చింది ఒకటుంది. పొలంలోనే మట్టిని పరీక్షించే ల్యాబ్ పెట్టించాడు. మట్టిలో ఏ సూక్ష్మజీవులున్నాయి, కంపోస్టు సరిగ్గా మాగిందా, గేదెలు మేసే గడ్డిలో ఏయే రకాలుండాలి అని శాస్త్రం తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి చూపించాడు. ల్యాప్ ల్యాప్‌కీ టైరు వేడి దగ్గర్నుంచి అన్నీ కొలిచి చూసుకునే చోటి నుంచి వచ్చిన మనిషి కదా, ఇక్కడా గుడ్డిగా పోలేదు. మాకు కొలత అంటే పాల కేంద్రం ఒక్కటే. డబ్బాలోంచి గరిటెడు పాలు తీసి మిషన్లో పెడతారు, చీటీ మీద వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) పడుతుంది, దాన్నిబట్టి డబ్బులు. పొద్దున ఏడు వచ్చిన గేదెకు సాయంత్రం ఆరు ఎందుకొచ్చిందో చెప్పేవాడుండడు. మడిలో మట్టి పరీక్ష చేయించుకున్నవాళ్ళున్నారు గానీ, మేతను పరీక్ష చేయించుకున్న పాడి రైతును నేనింతవరకు చూడలేదు.

ఇంకో సంగతి. గేదె పాలతో చేసిన మోజరెల్లాకు ఇటలీలో అంత పేరుంది, దానికి కారణం ఆ పాలలో ఉన్న వెన్నే. మన గేదె పాలలోనూ అదే వెన్న ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చింది, చాలా సంతోషం, ఆ రేకుల మీద రాసే నెయ్యి కూడా పాడి నుంచే కదా వస్తుంది! మరి మా పాలు ట్యాంకరెక్కి వెళ్ళి ఎవరో పేరుతో ప్యాకెట్లో మళ్ళీ మా ఊరికే రావడం తప్ప, ఇక్కడే నాలుగు రకాలు చేసి అమ్ముకునే దారి ఉందా, దానికి ఎంత పెట్టుబడి కావాలి, ఎవరు నేర్పుతారు? ఇది మీ వ్యవసాయ పేజీలో ఎప్పుడూ కనబడలేదు. చీజు కాకపోతే పనీర్ అవనీయండి, కోవా అవనీయండి. ఒక విలేకరిని ఇంగ్లండ్ పంపనక్కర్లేదు, పి.గన్నవరం దగ్గర రేవు దాటించి లంకలోకి పంపండి చాలు. పొద్దున నాలుగున్నరకు వస్తే పాలు తీసేటప్పుడు దగ్గరుండి చూడొచ్చు, టీ మేమే ఇస్తాం.

సినిమా హీరో కొడుకు హీరో, డాక్టర్ కొడుకు డాక్టర్, రైతు కొడుకు మాత్రం రైతు కాకూడదు అనుకునే రోజుల్లో, రేసుల కుటుంబంలోని మనిషి పాడి పెట్టుకోవడాన్ని మీరు వింతగా చూడటం నాకు అర్థమవుతుంది. వింతగానే చూడండి, కానీ పూర్తిగా చూడండి.

అన్నట్టు ఫొటో కింద ఇయాన్ షెక్టర్‌ను జోడీ కొడుకని వేశారు. కొడుకు కాదు, అన్న. ఆయనా ఫార్ములా వన్‌లో నడిపాడు, 1977లో మార్చ్ జట్టుకు, ఒక్క పాయింటు కూడా రాలేదు పాపం. రేసుల్లోకి వచ్చిన కొడుకులు టోబీ, టోమస్. వచ్చే ఆదివారం సరిచేసి వేయగలరు.

ఇట్లు,
ఒక పాడి రైతు,
కోనసీమ జిల్లా