10 గజాలని రాసి 18 మీటర్లకి మొదలయ్యే స్కోప్

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ దగ్గర కొన్న 4-16×40 రైఫిల్ స్కోప్‌లో పారలాక్స్ లోపం (కన్ను కదిలితే గురి కూడా జరిగినట్టు కనబడడం), డబ్బు వాపసు గురించి.

అయ్యా,

గత నెల 12న 14,500 రూపాయలు కట్టి మీ వెబ్‌సైట్‌లో ఈ స్కోప్ తెప్పించుకున్నాను. పెట్టె మీదా, పక్కనుండే ఫోకస్ నాబ్ మీదా కూడా కనీస దూరం 10 గజాలని ఉంది. నా 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌తో నేను కాల్చేది 10 మీటర్లకి, అంటే దాదాపు 11 గజాలు. ఆ అంకె చూసే కొన్నాను.

10 మీటర్లకి టార్గెట్ మసగ్గా ఉంది. నాబ్ చివరిదాకా తిప్పినా అంతే. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, "కంటి వైపు రింగు తిప్పండి సార్, క్లియర్ అవుతుంది" అన్నారు. ఆ రింగు ఉన్నది టార్గెట్ కోసం కాదండీ, లోపలి క్రాస్‌హెయిర్, అంటే గురి చూసే అడ్డం నిలువు గీతలు, మన కంటికి స్పష్టంగా కనబడడం కోసం. తెల్ల గోడ వైపు పెట్టి, రెండు సెకన్లు చూసి, చూపు తిప్పుకుని మళ్లీ చూస్తూ దాన్ని మొదటి రోజే సరిచేశాను. అదే పనిగా చూస్తే కన్నే సర్దుకుపోయి మనల్ని మోసం చేస్తుంది. ఒకసారి కుదిరాక ఆ రింగు జోలికి పోకూడదు, దూరాన్ని బట్టి తిప్పాల్సింది నాబే. మీ మాన్యువల్‌లో కూడా ఇది తలకిందులుగానే ఉంది. పాపం, ఫోన్లో మాట్లాడిన అమ్మాయి అది చూసే చదివినట్టుంది.

నేను ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, కొలవకుండా మాట్లాడే అలవాటు లేదు. స్కోప్‌ని రైఫిల్ నుంచి విప్పి (రైఫిల్‌తో సెల్లార్‌లో నిలబడితే అపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకుంటారా?) చెక్క దిమ్మకి బిగించి, ఇసుక సంచి మీద కదలకుండా పెట్టాను. టేపుతో 10 మీటర్లు కొలిచి కాగితం అంటించాను. స్కోప్‌ని ముట్టుకోకుండా తల మాత్రం పైకీ కిందకీ ఆడిస్తే, క్రాస్‌హెయిర్ కూడా కాగితం మీద పైకీ కిందకీ జారుతోంది. కాగితాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుకుంటూ పోతే 18 మీటర్ల దగ్గర బొమ్మ స్పష్టమైంది, జారడం కూడా ఆగిపోయింది. అప్పుడు నాబ్ 10 అంకె మీదే ఉంది. నా కళ్లదేమో తప్పనుకుని, అద్దాల్లేని మా తమ్ముడి కూతురిచేత కూడా చూపించాను. అదే 18.

నాబ్ మీది అంకెలు ఉజ్జాయింపే అని నాకూ తెలుసు. ఒకటి రెండు గజాల తేడా అయితే నేనే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవాణ్ణి. ఇక్కడ తిప్పడానికి ఇంక చోటే లేదు. 40 మి.మీ. ముందు అద్దంతో, 18 మీటర్లకి కుదిరిన స్కోప్‌లోంచి 10 మీటర్ల టార్గెట్ చూస్తే, కన్ను బాగా పక్కకి జరిగినప్పుడు గురి దాదాపు 9 మి.మీ. తప్పొచ్చు. అంటే రెండు పెల్లెట్ల (ఎయిర్ రైఫిల్ గుళ్ల) వెడల్పు.

రెండోసారి, వైజాగ్ సముద్రపు గాలి వల్ల అన్నారు. ఉప్పు గాలికి మా గేటు తుప్పు పట్టిన మాట నిజమే. కానీ చెమ్మ చేరితే లోపల అద్దం మీద ఆవిరి కనబడాలి, అది లేదు. పైగా చెమ్మ చేరకుండా లోపల నైట్రోజన్ నింపామని మీ పెట్టె మీదే ఉంది. మూడోసారి, 10 మీటర్ల పోటీల్లో అసలు స్కోపే వాడరు కదా అన్నారు. నిజమే, 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది అద్దాల్లేకుండా చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్‌తోనే. నేను ఒలింపిక్స్‌కి వెళ్లడం లేదండీ, మీరు పెట్టె మీద రాసింది అడుగుతున్నాను.

ఈ నెల 3న మెయిల్ పెట్టాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఊరు రానక్కర్లేదు.

మార్చి ఇస్తామంటే, పంపే ముందు 10 మీటర్లకి మీరే తల ఆడించి చూసి పంపండి. లేదంటే మొత్తం డబ్బు, తిరుగు కొరియర్ ఖర్చుతో సహా ఇవ్వండి. బిల్లు నకలు, సెల్లార్‌లో తీసిన ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు