తాబేళ్ల నిధి: 2025 సీజన్ జమా ఖర్చులు

ఊరి పెద్దలకు, బోటు యజమానులకు, కళాసీలకు, దూరం నుంచి డబ్బు పంపినవాళ్లకు నమస్కారం.

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, దాని చేతిలో ఒక నిధి ఉండాలి. లెక్కలు ఆడిట్‌కి వెళ్లాలి. అవి వెళ్లాయి. అయితే ఆడిట్ కాగితం ఎవరూ చదవరు, రచ్చబండ మీద మాటలు మాత్రం అందరూ వింటారు. "తాబేళ్ల పేరు చెప్పి వసూలు చేసి వలలకు పంచేశారట" అన్న మాట మా దాకా వచ్చింది. నిజమే, పంచాము. ఎందుకో, ఎంతో చెప్పడానికే ఈ కాగితం.

ముందు జమ. పాత నిల్వ 11,240 రూపాయలు. మన ఫైబర్ బోట్లు 62. బోటుకు 500 చొప్పున 58 బోట్లు ఇచ్చాయి, 29,000. ఇవ్వని నలుగురి పేర్లు ఇక్కడ రాయం. వాళ్లలో ఇద్దరికి ఈ ఏడాది వేటే సరిగ్గా సాగలేదు. మర బోట్ల యజమానులు కలిసి 40,000 ఇచ్చారు. ఉద్యోగాలకని ఊరు దాటిన మన పిల్లలు, తాబేలు పిల్లల్ని సముద్రంలో వదిలే రోజు చూడ్డానికి వచ్చినవాళ్లు ఇచ్చినది 46,350. బ్యాంకు వడ్డీ 410. మొత్తం 1,27,000.

ఇంకో పెద్ద మొత్తం రావలసింది, మేమే వద్దన్నాం. తాబేలు గుడ్లు పొదిగించే హేచరీ పక్కన లైట్లతో బోర్డు పెడితే డబ్బిస్తామని ఒక కంపెనీవాళ్లు వచ్చారు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల వెలుగు ఎటుంటే అటు పాకుతుంది. సముద్రం మీది మెరుపు చూసి వెళ్లాల్సిన పిల్ల బోర్డు కిందికి వెళ్లి కుక్కల పాలవుతుంది. లైట్లు లేకుండా పెట్టుకోమన్నాం. వాళ్లు మళ్లీ రాలేదు.

జీవవైవిధ్య చట్టంలోని 41వ సెక్షన్ కింద వ్యాపారం కోసం జీవ వనరులు తీసుకెళ్లేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేయొచ్చు. ఈ ఏడాది ఆ పద్దు సున్నా.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది రాత్రి కాపలా. జనవరి 10 నుంచి ఏప్రిల్ 13 దాకా 94 రాత్రులు. రాత్రికి ఇద్దరు, మనిషికి 300. నాలుగు రాత్రులకు రిజిస్టర్లో సంతకాలు లేవు. తిరిగామనే అన్నారు కుర్రాళ్లు, తిరిగే ఉంటారు. సంతకం లేదు కాబట్టి ఇవ్వలేదు. 90 రాత్రులకు 54,000 అయింది. వాళ్ల పని తీరం వెంట నడవడం. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టుకుని ఇసుక మీద తాబేలు ఈడ్చుకుంటూ వెళ్లిన జాడ వెతకాలి. గూడు దొరికితే గుడ్లు అటూ ఇటూ దొర్లకుండా, ఉన్నవి ఉన్నట్టు ఎత్తి, తెల్లారకముందే హేచరీకి చేర్చాలి. ఫిబ్రవరిలో ఒక గూట్లో 114 గుడ్లు ఉంటే మూడుసార్లు లెక్కపెట్టి రాశారు. ఆలివ్ రిడ్లే తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. అందుకే ఇదంతా అటవీ శాఖ అనుమతితోనే, గూళ్ల లెక్క కూడా వాళ్ల రిజిస్టర్లోనే ఉంది.

హేచరీకి సరుగుడు కర్రలు, గ్రీన్ నెట్, తాళ్లు, రెండు థర్మామీటర్లు కలిపి 13,850. థర్మామీటర్లెందుకని అడిగారు. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది. వేడెక్కువైతే అన్నీ ఆడవే. అందుకే పైన నీడ. టార్చిలు, సెల్లు 3,120. జిరాక్సులు, పుస్తకాలు 940. వచ్చినవాళ్లకు టీ 2,360, ఇది కాస్త ఎక్కువే, ఒప్పుకుంటున్నాం. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లను పూడ్చడానికి జేసీబీ 4,800.

ఆ 4,800 దగ్గరే అసలు విషయం ఉంది. తాబేలు ఊపిరితిత్తులతో బతికే జీవి, గాలి కోసం పైకి రావాలి. వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంది, కానీ తాబేళ్లు అంతకు ముందే, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు చేరతాయి. సరిగ్గా మన వేట జోరుగా ఉండే రోజుల్లో. వదిలిన వెయ్యి పిల్లల్లో ఒకటో రెండో పెద్దవుతాయంటారు, దానికీ పదేళ్లు దాటుతుంది. అంటే వలలో దొరికిన ఒక్క తల్లిని బతికిస్తే, ఎన్నో గూళ్లు కాపాడినట్టు. పిల్లల్ని వదిలితే ఫొటో వస్తుంది. నడిసముద్రంలో తాబేలును వదలడానికి వల కోస్తే ఎవరూ చూడరు, కోసినవాడికి నష్టం మాత్రం మిగులుతుంది.

అందుకే వల పరిహారం పెట్టాం. మహారాష్ట్రలో ప్రభుత్వమే 2018 నుంచి ఇస్తోంది, ఒక్కో కేసుకు 25,000 వరకు. మన దగ్గర అంత లేదు. కోసిన ముక్క తేవాలి, ఫోన్లో వీడియో ఉండాలి, వల అల్లే పెద్దలిద్దరు చూసి ధర కట్టాలి. తొమ్మిది మంది అడిగారు. ఏడుగురికి 31,500 ఇచ్చాం, ఎక్కువ 8,000, తక్కువ 1,500. రెండు తిరస్కరించాం. కత్తితో కోసిన అంచు, రాయికి తగిలి చిరిగిన అంచు ఒకలా ఉండవు, పెద్దలు పట్టుకుని చూడగానే చెప్పేశారు. ఒకాయన మాత్రం మూడు బారల ముక్క తెచ్చి, "మావా, డబ్బు తర్వాత, ముందు ఇది చూడు" అని వీడియో పెట్టాడు. తాబేలు మునిగి, కాస్త దూరంలో తేలి, గాలి పీల్చుకుని వెళ్లిపోయింది.

మర బోట్లకు తాబేళ్లు తప్పించుకునే పరికరం ఒకటి ఉంది, టెడ్ అంటారు, వలలో బిగించే ఇనప జాలీ. రొయ్య వెనక్కి పోతుంది, తాబేలు పైనున్న తలుపులోంచి బయటపడుతుంది. అది సరిగ్గా వాడడం లేదనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం లేదు. దీనికి నిధిలోంచి ఖర్చు పెట్టలేదు, పెట్టం కూడా. అది బోటు యజమాని బిగించుకోవాల్సింది. వాళ్లిచ్చిన 40,000కు కృతజ్ఞతలు చెబుతూనే ఈ మాట అంటున్నాం.

మొత్తం ఖర్చు 1,10,570. నిల్వ 16,430, అందులో బ్యాంకులో 15,200, చేతిలో 1,230.

ప్రపంచ దేశాల్లో దాదాపు అన్నీ 2022లో మాంట్రియల్లో కూర్చుని 2030 నాటికి ఏటా 20,000 కోట్ల డాలర్లు జీవవైవిధ్యానికి సమకూర్చాలనుకున్నాయి. అందులోంచి మన ఒడ్డుకు ఏమైనా చేరితే దాని లెక్కా ఇలాగే రాస్తాం.

వచ్చే సీజన్‌కి బోటుకు 500 అలాగే ఉంచాలని, వల పరిహారానికి విడిగా ఖాతా పెట్టాలని కమిటీ అనుకుంటోంది. అభ్యంతరం ఉంటే గ్రామసభలో చెప్పండి. బిల్లులు, రిజిస్టర్ పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి. కోసిన వల ముక్కలు కూడా అక్కడే బీరువా పక్కన గోనెసంచిలో పెట్టాం. కాస్త వాసన వస్తాయి, చూడాలనుకున్నవాళ్లు కిటికీ తెరుచుకుని చూడండి.

కమిటీ తరఫున,
కోశాధికారి