మూడో పబ్ సంగతి, దాచకుండా

మార్చిలో ఆ రగ్బీ శనివారం నా లండన్ పబ్ టూరుకి వచ్చిన 16 మందికి ముందుగా ఒక మాట. మీ డబ్బు మొత్తం వెనక్కి వేసేశాను. ఇద్దరివి మాత్రం తిరిగొచ్చాయి. కార్డులు మారినట్టున్నాయి, ఒక మెసేజ్ పెట్టండి చాలు.

ఇక మే, జూన్ నెలలకు బుక్ చేసుకున్నవాళ్లకీ, "అన్నా, ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఒక సాయంత్రం మీకు అప్పజెప్తాం" అని చెప్పి పెట్టుకున్నవాళ్లకీ జరిగింది నా నోటితోనే చెప్పాలి. లండన్‌లో మనవాళ్లుండే ఈస్ట్ హామ్‌లో ఈ కథ అప్పుడే వేరేలా తిరుగుతోంది. పోలీసులు వచ్చారట అని ఒకాయన నాకే చెప్పాడు, ఆ టూరు నాదని తెలియక. పోలీసులు రాలేదు. వాన వచ్చింది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను లండన్‌లో శనివారం సాయంత్రాలు తెలుగులో పబ్ క్రాల్ నడుపుతాను. "క్రాల్ అంటే పాకడం కదరా, పాకే దాకా తాగిస్తావా?" అని మా అమ్మ గుంటూరు నుంచి మొదటి వారమే అడిగింది. అదేం లేదు. నాలుగు పబ్బులు, ఒక్కో చోట హాఫ్ పింట్, అంటే 284 మిల్లీలీటర్లు, దాంతో పాటు ఆ గోడల కథ. తాగనివాళ్లు ప్రతి వారం ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లకి లైమ్ సోడా. వాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు కూడా.

బ్లాక్‌ఫ్రయర్‌తో మొదలుపెట్టేవాణ్ణి. ఒకప్పటి డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం స్థలంలో కట్టిన పబ్. 1905లో లోపలంతా పాలరాయి పరిచి, బొద్దుగా నవ్వే సన్యాసుల బొమ్మలు పెట్టారు. గోడల మీద చిన్న చిన్న సూక్తులుంటాయి. వాటిలో ఒకదాని అర్థం "ప్రకటనలెందుకు, కబుర్లరాయుడి చెవిలో వెయ్యి" అని. నా వ్యాపారం నాలుగేళ్లుగా నడుస్తున్నది సరిగ్గా ఆ మాట మీదే. ఇప్పుడు ఈస్ట్ హామ్ కబుర్లరాయుళ్లు ఏం చేస్తున్నారో పైన చెప్పాను కదా.

అక్కణ్ణుంచి ఫ్లీట్ స్ట్రీట్‌లో చెషైర్ చీజ్. లండన్ తగలబడిన మరుసటి ఏడాది, 1667లో తిరిగి కట్టింది. తర్వాత మూడో పబ్. దాని పేరు రాయను. పాతవాళ్లకి తెలుసు, కొత్తవాళ్లకి అక్కర్లేదు. ఆఖర్న కోవెంట్ గార్డెన్‌లో లాంబ్ అండ్ ఫ్లాగ్.

ఆ మూడోదాన్లో మేడ మీద గది మనది. మనది అని నేననుకున్నాను. ఇరవై కుర్చీలు, పక్కనే బాత్రూమ్, తలుపేస్తే కింద గోల వినపడదు. మిగతా చోట్ల నిలబడి తాగాల్సిందే, లండన్ పబ్ అంటే అంతే. కానీ గంటన్నర నడిచాక మన పెద్దవాళ్లకి కుర్చీ కావాలి. ఆ గదిలో కూర్చోబెట్టి, చిప్స్ తెప్పించి, ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అనే బీరు కథ అక్కడే చెప్పేవాణ్ణి. బార్‌లో పనిచేసే ఒక అమ్మాయి, పోలండ్ పిల్ల, మెట్ల దగ్గర పలక మీద సుద్దతో "తెలుగు" అని తెలుగులోనే రాసి పెట్టేది. రాయడం నేనే నేర్పాను. గుండ్రాలు నాకంటే బాగా తిప్పేది.

ఆ శనివారం సాయంత్రం 5:10కి ఆ పబ్ నుంచి మెయిల్ వచ్చింది, గది ఇవ్వలేమని. అప్పుడు మేం చెషైర్ చీజ్‌లో ఉన్నాం. దాన్ని నడిపే శామ్యూల్ స్మిత్ కంపెనీ పబ్బుల్లో పాటలుండవు, టీవీ ఉండదు, ఫోన్ తీస్తే ఊరుకోరు. కాబట్టి నాది జేబులోనే ఉంది. చూసింది ఎప్పుడంటే, ఆరింటికి మూడో పబ్ తలుపు దగ్గర, డోర్‌మాన్ చెయ్యి అడ్డం పెట్టాక. మేడ మీద కిటికీల్లోంచి రగ్బీ చొక్కాలు కనిపిస్తున్నాయి, మన కుర్చీల్లో. డోర్‌మాన్ భుజం మీదుగా మెట్ల దగ్గరి పలక చూశాను. తుడిచేశారు. సరిగా తుడవలేదు, "గు" కొమ్ము ఇంకా అలాగే ఉంది.

రగ్బీ ఉన్న శనివారం, వానలో, 16 మందికి చోటిచ్చే పబ్ ఆ చుట్టుపక్కల దొరకదు. నాలుగు చోట్ల అడిగాను. నలభై నిమిషాలు. తెనాలి నుంచి వచ్చిన మాస్టారొకరు, మోకాళ్ల నొప్పులాయన, ఒక బ్యాంకు మెట్ల మీద వాళ్లావిడ సంచి పరుచుకుని కూర్చున్నారు. "పర్లేదు బాబూ, పుష్కరాల్లో ఇంతకన్నా ఎక్కువసేపు నిలబడ్డాం" అన్నారు. ఆవిడ అదే సంచిలోంచి జంతికలు తీసి అందరికీ పంచారు. తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. చివరికి ఒక ఫ్రైడ్ చికెన్ షాపులో ట్యూబ్‌లైట్ కింద కూర్చున్నాం. నేను ఐపీఏ కథ చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

ఇక్కడి దాకా నా తప్పేం లేదన్నట్టు రాసుకొచ్చాను. ఉంది.

దానికి మూడు వారాల ముందు ఒక బ్యాచిలర్ పార్టీ వచ్చింది, తొమ్మిది మంది కుర్రాళ్లు. అదే గదిలో ఒకతను కోటు లోపల్నుంచి డ్యూటీ ఫ్రీ హాఫ్ బాటిల్ తీసి, టేబుల్ కింద కోక్‌లో కలపడం నేను చూశాను. చూసి తల తిప్పుకున్నాను. పెళ్లికొడుకు ముచ్చట, ఎందుకులే అనుకున్నాను. ఖాళీ సీసా మర్నాడు రేడియేటర్ వెనక దొరికిందట. మన ఊళ్లో ఇది జోకు. ఇక్కడ తూలుతున్నవాడికి మందు పోస్తే పోసినవాడి మీదే కేసు, 2003 లైసెన్సింగ్ చట్టంలో ఉంది. బార్ వెనక ఉన్న పిల్ల మీరెన్ని గ్లాసులు తాగారో లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. మీరు కోటులోంచి పోసుకుంటే ఆ లెక్క తప్పుతుంది. బలయ్యేది ఆ పిల్ల. మెయిల్లో "మునుపటి ఘటన" అని ఒక ముక్క ఉంది. ఆ రాత్రి మీకెవరికీ అది చదివి వినిపించలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అయినా ఒకటి అడుగుతాను. మూడు వారాల కిందటి సీసా సంగతి శనివారం సాయంత్రం 5:10కే ఎందుకు గుర్తొచ్చింది? మధ్యలో రెండు శనివారాలు అదే గది ఇచ్చారుగా? రగ్బీవాళ్లు ఇంత ఖర్చు పెడతామని హామీ ఇచ్చి ఉంటారు, అంతే. కొత్త మేనేజరు, కొత్త లెక్కలు. నేను ముందే కట్టిన 160 పౌండ్లు మూడు మెయిళ్లు పెడితే, పంతొమ్మిదో రోజున తిరిగొచ్చాయి.

తర్వాత వాళ్ల ఏరియా మేనేజరు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. మళ్లీ రండి, కాకపోతే కింద సెల్లార్ గదిలో, శనివారాలు కాకుండా, మనిషికి 20 పౌండ్లకు తగ్గకుండా బిల్లు చెయ్యాలి అన్నాడు. అంతవరకూ వ్యాపారం. ఆ తర్వాత "యువర్ లాట్" ముందు బార్‌లో లేకపోతే అందరికీ సౌకర్యం అన్నాడు. ఈ ముక్కని తెలుగులో ఎలా చెప్పాలా అని ఆలోచించాను. "మీ బాపతు" సరిగ్గా సరిపోతుంది.

రెండు వారాలు నిద్ర లేదు. సెల్లార్‌లోనైనా కుర్చీలున్నాయి. బాత్రూమ్ ఉంది. మాస్టారి లాంటివాళ్లకి కావాల్సింది అదే, నా పౌరుషం కాదు. మా ఆవిడ సూటిగా అడిగింది: "ఆ మాట జనాన్ని అన్నందుకు కోపమా, నిన్నన్నందుకు కోపమా?" జవాబు చెప్పలేదు. ఒప్పుకుంటూ మెయిల్ రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. ఒక మంగళవారం ఒక్కణ్ణే వెళ్లి, మామూలు కస్టమర్‌లా హాఫ్ తీసుకుని ఆ సెల్లార్‌లో కూర్చున్నాను. హీటర్ బాగా పనిచేస్తోంది. బీరూ బాగుంది, సెల్లార్ చల్లదనంలో ఉండాల్సినట్టే ఉంది. పోలండ్ అమ్మాయి మానేసిందట. గ్లాసు సగంలో వదిలేసి లేచొచ్చాను. నా జీవితంలో సగం గ్లాసు వదలడం అదే మొదలు.

వెళ్లం. అహం అంటే అహమే అనుకోండి. బాటిల్ విషయంలో తప్పు నాది, దానికి క్షమాపణ రాసి పంపాను, జవాబు రాలేదు. కానీ నన్ను నమ్మి వచ్చినవాళ్లని మెట్ల కిందికి దించి, పైన ఎవరికీ కనబడకండి అని నేను చెప్పలేను.

దాని మూలంగా మారేవి ఇవి. ఇక నడక సదర్క్‌లోని జార్జ్ ఇన్ దగ్గర మొదలవుతుంది. 1676 మంటల్లో కాలిపోతే మరుసటి ఏడాదే మళ్లీ లేపారు. గుర్రపు బళ్ల కాలం నాటి వరండాలతో లండన్‌లో మిగిలిన సత్రం అదొక్కటే. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ముందు పెద్ద వాకిలి, బెంచీలు ఉన్నాయి. ఐపీఏ కథ ఇక అక్కడే. ఆ కథ విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది: తూర్పు లండన్ బో దగ్గర హాడ్జ్‌సన్ అనే బీరు వ్యాపారి ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్లకి పద్దెనిమిది నెలల అరువు మీద సరుకిచ్చి, ఇండియా బజారంతా చేతిలో పెట్టుకున్నాడు. తర్వాత ఆ ఇంటివాళ్లకే కెప్టెన్లు లోకువైపోయారు. అరువు ఆపేసి, సరుకు మేమే పంపుకుంటాం అన్నారు. 1820ల్లో బర్టన్ ఊరి బీరువాళ్లు వచ్చి ఆ బజారు ఎత్తుకుపోయారు. ఈ కథ ఇన్నాళ్లూ సరదాగా చెప్పేవాణ్ణి. ఇకముందు గొంతు కాస్త మారితే ఏమనుకోకండి.

జార్జ్ నుంచి బ్లాక్‌ఫ్రయర్‌కి థేమ్స్ ఒడ్డున అరగంట నడక. ఇది ఎక్కువే, నాకూ తెలుసు. మధ్యలో కుర్చీల గది లేదన్నదీ నిజమే. మోకాళ్ల సంగతి బుక్ చేసేటప్పుడే చెప్పండి, బస్సెక్కిద్దాం. పది మందికి మించి తీసుకోను. పది మందైతే ఏ పబ్‌లోనైనా ఏదో మూల సర్దుకుంటాం, ఎవరినీ గది అడుక్కోనక్కర్లేదు. బ్యాచిలర్ పార్టీలు ఇక లేవు. ఆ ఆదాయం చిన్నదేం కాదు, పోతే పోనీ. కోటులో సీసా కనిపిస్తే ఆ మనిషి నడక అక్కడితో సరి, డబ్బు వెనక్కి రాదు.

టికెట్‌లో మందు కలిపి 32 పౌండ్లు తీసుకునేవాణ్ణి. ఆ మందుకిచ్చే కూపన్లు మూడో పబ్ లెక్కతో నడిచేవి కాబట్టి అవీ పోయాయి. ఇప్పుడు 22, ఎవరి గ్లాసు వాళ్లు కొనుక్కోవాలి. ఇక్కడివాళ్లు రౌండ్ల లెక్కన కొంటారు, ఈసారి నువ్వు, వచ్చేసారి నేను అని. మన దగ్గర ఆ పద్ధతి పనికిరాదని నాలుగేళ్ల అనుభవం. బిల్లు నేను కడతానంటే నేను కడతానని ఇద్దరు బావలు బార్ ముందు చొక్కాలు పట్టుకున్నారు ఒకసారి. వెనకున్న లైను మొత్తం పోట్లాట అనుకుని దూరం జరిగింది.

తెనాలి మాస్టారు ఈ నెలాఖరుకు వెళ్లిపోతున్నారని వాళ్లబ్బాయి చెప్పాడు. మాస్టారూ, ఈ శనివారం మధ్యాహ్నం మూడింటికి జార్జ్ వాకిట్లో మీకూ అమ్మగారికీ చోటుంచాను, డబ్బులక్కర్లేదు. రెండు మడత స్టూళ్లు కొన్నాను. పబ్‌లో వేయనివ్వరు గానీ, నది ఒడ్డున ఎక్కడ కావాలంటే అక్కడ వేస్తాను. మొయ్యడం నా పని. జంతికలు మిగిలి ఉంటే తెమ్మనండి.